పదిహేడో నంబరు పట్ట

నా చిన్నప్పుడు మా ఊరి చర్చిలో నడిచే సాయంకాలపు బడికి ఎవరి పట్ట వాళ్లే తెచ్చుకోవాలి. పట్ట అంటే గోనెసంచిని ఒక పక్క విప్పి, అంచులు మడిచి కుట్టిన ముక్క. బండల నేల చలికాలంలో మంచులా ఉండేది, ఎండాకాలంలో కాలేది, పట్ట లేకుండా కూర్చోవడం కుదరదు. ఒకసారి తెచ్చుకున్న పట్ట చర్చిలోనే ఉండిపోయేది. రోజూ సాయంత్రం మా అవ్వ వాటిని వరుసగా పరిచేది, బడి అయిపోయాక చుట్టి మూలన పేర్చేది. అవ్వకు అక్షరమ్ముక్క రాదు. అయినా ముప్పై పట్టల్లో ఏది ఎవరిదో చేత్తో తడిమి చెప్పేది. నా పట్టకు నడిమధ్యలో వేలు దూరేంత చిల్లు ఉండేది. ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు భయానికి పొడిచి పొడిచి నేనే చేసుకున్న చిల్లు అది. నా పక్క పట్టకు నీలం చీర అంచు వేసి కుట్టి ఉండేది. అది పదిహేడో నంబరు పట్ట.

రేపు మధ్యాహ్నంలోగా నేను ఒకరికి ఒక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటో నాకు ఇంకా తేలలేదు. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. పాప పడుకున్నాక కూర్చుని, ఆ మాటకు ముందు ఆ పట్ట సంగతి రాసుకుంటున్నాను.

బడిలో మమ్మల్ని పేర్లతో పిలిచేవాళ్లు కాదు. పాఠాలు చెప్పే టీచరక్క హాజరు పుస్తకం తెరిచి ఒకటి, రెండు, మూడు అని చదువుకుంటూ పోతే మేము “పెజెంట్ టీచర్” అని అరవాలి. నేను పద్దెనిమిది. నా స్నేహితురాలు పదిహేడు. ఇప్పటికీ ఫోన్లో నేను తనను పదిహేడూ అనే పిలుస్తాను. తనకు లెక్కలంటే ఆట. ఇరవయ్యో ఎక్కం దాకా, కింది నుంచి పైకి కూడా, కాళ్లూపుకుంటూ చెప్పేది. నాకు పన్నెండు దాటితే నాలుక మడత పడేది.

మాది ఆదోనికి ఇవతల, వానను నమ్ముకున్న ఊరు. చర్చి చిన్నది, సంఘం ఇంకా చిన్నది. బడి నడవడానికి కర్నూలులోని ఒక పెద్ద సంఘం తోడుగా నిలిచింది. పలకలు, లాంతర్లు, టీచరక్క జీతం వాళ్లవి. చోటు, పట్టలు, ఊడ్చడం మావి. ఊరికే తీసుకుంటున్నామని ఎవరూ అనకూడదని మా వాళ్లకు ఒక పట్టుదల ఉండేది. ప్రతి ఇంట్లోనూ వంటకు గింజలు తీసేటప్పుడు ఒక పిడికెడు జొన్నలో బియ్యమో పక్కనున్న కుండలో వేసేవాళ్లు. ఆదివారం ఆ కుండ చర్చికి వచ్చేది. ఆ గింజలు సువార్త పనికి, ఆపదలో ఉన్న ఇళ్లకు వెళ్లేవి. కర్నూలు సంఘం ఏడాదికోసారి వచ్చి బడిని చూసి, బాగా చదివే ఒక పిల్లనో పిల్లవాడినో తమ హాస్టల్లో చేర్చుకునేది. ఆ ఏడాది ఆ సీటు పదిహేడుదే అని టీచరక్క ముందే రాసి పంపింది.

కానీ వాళ్లు వచ్చే వారానికి పదిహేడు ఊళ్లో లేదు. సంక్రాంతి దాటగానే మా పక్క ఊళ్లలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి లారీల్లో పోతారు. దాన్ని సుగ్గి అంటారు. సుగ్గికి పోయినవాళ్లు మళ్లీ ఉగాదికే రావడం. ముసలివాళ్లను వదిలిపోయేవాళ్లు గానీ పిల్లల్ని వదిలేవాళ్లు కాదు, వండి పెట్టేదెవరు? పదిహేడును కూడా వాళ్లమ్మ వెంటబెట్టుకుపోయింది. లారీ ఎక్కుతూ నాకు తన పలకపుల్ల ఇచ్చింది, అరగదీయకుండా పెట్టమని. ఆ ఏడు ముప్పై పట్టల్లో పదమూడు మూలనే ఉండిపోయాయి. మాకు వ్యవసాయం లేదు, నాన్నకు సైకిల్ షాపు, అందుకే నేను ఊళ్లోనే ఉన్నాను.

మా అబ్బ, అంటే నాన్నకు నాన్న, సంఘపెద్ద. బడి అంటే ఆయనకు ప్రాణం. పిల్లలు తక్కువైనారని పక్క ఊళ్లో ఇట్లాంటి బడినే ముందటేడు ఎత్తేశారు. అందుకని అబ్బ ఒక ఉపాయం చేశాడు. సుగ్గికి పోయిన పదమూడు మంది చోట్లలో ఊళ్లో మిగిలిన వేరే పిల్లల్ని కూర్చోబెడతాడు. ఎవరికి ఏ నంబరో ముందే చెప్పి పెడతాడు. బొరుగులూ బెల్లమూ పెడతామంటే సాయిబుల వీధి పిల్లలూ బోయల వీధి పిల్లలూ సంతోషంగా ఒప్పుకున్నారు. పదిహేడు సంగతి మాత్రం అంత తేలిక కాదు. హాస్టల్ సీటుకు పేరున్న పిల్ల కాబట్టి వచ్చినవాళ్లు తప్పకుండా లేపి అడుగుతారు. బొరుగుల కోసం వచ్చిన పిల్ల ఏం చెబుతుంది? ఎక్కాలు విన్న చెవులైనా ఉన్న పిల్ల కావాలి. అబ్బ నన్ను పిలిచాడు.

“ఆ పొద్దు నువ్వు పదిహేడు. పద్దెనిమిదికి ఇంగోళ్లను కూచ్చోబెడతా. ఏమడిగినా తడుముకోకుండా చెప్పల్ల. నీ స్నేహితురాలి సీటు నీ నాలిక మీద ఉండాది మ్మే.”

అవ్వ వాకిట్లో చేటలో జొన్నలు చెరుగుతూ వింది. “పెద్దాయనా, చర్చిలో అట్ల చెప్పిచ్చొచ్చునా బిడ్డతో?” అంది.

“ఆ బిడ్డ మంచికే గదా చేస్తాండా. నీకేం తెలుసు, పట్టలు పరిచేదానివి.”

అవ్వ చేట ఒకసారి విదిల్చి ఊరుకుంది. ఆమె ఊరుకోవడం చూసి నాకు ఇంకా భయం వేసింది. పెద్దవాళ్లు పోట్లాడుకుంటే ఏదో ఒకటి తేలుతుంది. ఊరుకుంటే నా నెత్తినే ఉండిపోతుంది.

ఆ తర్వాతి తొమ్మిది రోజులు నేను పడిన భయం ఈ వయసులో తలుచుకున్నా అరచేతులు చెమటలు పడతాయి. భయం ఒకటి కాదు. నేను సరిగా చెప్పకపోతే పదిహేడు సీటు పోతుంది, తను తిరిగొచ్చి నన్ను అడుగుతుంది. ఒకవేళ బాగా చెబితే, ఈ పిల్లే పదిహేడు అనుకుని నన్నే ఆ పొద్దే కర్నూలు తీసుకుపోతే? వాళ్లు జీపులో వస్తారని అందరూ అంటున్నారు. జీపులో ఎక్కించాక నేను కాదు అని చెప్పడం ఎట్లా, చెబితే అబ్బ పరువేం కావాలి? ఇవి చాలవన్నట్టు చర్చి గోడ మీద పది ఆజ్ఞల పటం ఉండేది. అందులో అబద్ధ సాక్ష్యం చెప్పకూడదనే తొమ్మిదోది ఎక్కడుందో నాకు బాగా తెలుసు. ఆ తొమ్మిది రోజులూ ఆ గోడ వైపు తల తిప్పకుండా పాఠం విన్నాను. మెడ నొప్పి పుట్టింది.

చిన్నతనపు తెలివి ఎట్లా ఉంటుందో చూడండి. పదిహేడో నంబరు పిల్లను కనీసం పదిహేడో ఎక్కమైనా అడుగుతారని నాకు ఒక నమ్మకం పుట్టింది. ఇక అదొక్కటే పట్టుకున్నాను. నీళ్లు చేదుతూ, సైకిల్ షాపులో ట్యూబుకు గాలి పడుతూ, స్నానం చేస్తూ, పదిహేడో ఎక్కం. అవ్వ తల దువ్వేటప్పుడు కూడా పెదాలు కదిలేవి. “ఎంతసేపూ అదే చదువుతాండావే, తక్కినవి అడిగితే?” అని అవ్వ అడిగింది. తక్కినవి అడగరు అన్నాను. అవ్వ జడ బిగించి అల్లింది.

వాళ్లు వచ్చిన రోజు శనివారం. పొద్దున్నే చర్చి కడిగారు, గుమ్మానికి మామిడాకులు కట్టారు, పట్నం నుంచి వచ్చేవాళ్లకని రెండు కుర్చీలు హైస్కూలు నుంచి మోసుకొచ్చారు. జీపులోంచి ముగ్గురు దిగారు. అందులో ఒకామె హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన పెద్దావిడ. తెల్ల చీర, మందపాటి కళ్లద్దాలు, చేతిలో గుడ్డసంచి. నాకు ఆమె తప్ప మిగతావాళ్లు గుర్తు లేరు.

నేను నీలం అంచు పట్ట మీద కూర్చున్నాను. అది నాకు అలవాటు లేని పట్ట, వేలు పెట్టుకోవడానికి చిల్లు కూడా లేదు. నా చిల్లు పట్ట మీద సాయిబుల వీధి నుంచి వచ్చిన ఒక చిన్న పిల్ల కూర్చుని, ఆ చిల్లులో వేలు పెట్టి ఆడుకుంటోంది. నా చోటు వేరేవాళ్లకు అంత తొందరగా అలవాటైపోతుందని నేను అనుకోలేదు.

హాజరు పుస్తకం పెద్దావిడే తీసుకుంది. ఆరో నంబరు పిలిస్తే ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచేసరికి బొరుగుల పిల్లల్లో ఒకతె పక్కపిల్ల వైపు తిరిగి, “ఆరు నేనేనా?” అని గట్టిగానే అడిగింది. టీచరక్క దగ్గింది. అబ్బ కండువా సర్దుకున్నాడు. పెద్దావిడ కళ్లద్దాల మీదుగా ఒకసారి చూసి ముందుకు పోయింది. పదిహేను. పదహారు. పదిహేడు.

“పెజెంట్ టీచర్.”

గొంతు నాది కానట్టు వచ్చింది. రెండు రోజులుగా పదిహేడు గొంతులా అనడం నేర్చుకున్నాను మరి.

పెద్దావిడ పుస్తకం మూసి, “నువ్వేనా లెక్కల్లో మొదటిదానివి? ముందుకు రామ్మా” అంది. లేచాను. ఆమె ముందు నిలబడ్డాను. ఆమె గొంతు మెత్తగానే ఉంది. “పందొమ్మిది ఏడులు ఎంత?”

పందొమ్మిది. నేను పందొమ్మిదో ఎక్కం మొహం కూడా చూడలేదు. తొమ్మిది రోజులు నోట్లో నానిన ఎక్కమే బయటికి తన్నుకొచ్చింది. “నూట ముప్పై ఆరు” అన్నాను. అది పదిహేడు ఎనిమిదులు. తప్పు చెప్పానని అన్నాక తెలిసింది. పెద్దావిడ “ఇంకోసారి ఆలోచించు” అంది. నేను ఆలోచించడం లేదు. నీలం అంచు పట్ట వైపు చూస్తున్నాను. అది ఖాళీగా ఉంది. అయిపోయింది, దాని సీటు నేనే పోగొట్టాను, అనుకున్నాను. ఏడుపు రాలేదు. ఏడిస్తే అబ్బకు కోపం వస్తుందన్న భయం ఏడుపు కంటే పెద్దదిగా ఉంది.

అప్పుడు వెనక నుంచి అవ్వ వచ్చింది. ఆమె ఎప్పుడూ గుమ్మం పక్కనే, చీపురు పక్కన కూర్చునేది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఎవరి వైపూ చూడలేదు. నన్ను నడిపించుకుపోయి, చిల్లు పట్ట మీదున్న పిల్లను “లెయ్ తల్లీ, నీకు బొరుగులు ఆడ ఉండాయి” అని లేపి, నన్ను నా పట్ట మీద కూర్చోబెట్టింది. నీలం అంచు పట్టను రెండు చేతులతో ఎత్తి, ఒకసారి దులిపి, నా పక్కనే ముడత లేకుండా పరిచి నిలబడింది.

“అమ్మా, పదిహేడు ఇది. ఆ బిడ్డ సుగ్గికి పోయింది. ఇది నా మనవరాలు, దీనికి లెక్కలు రావు.”

అబ్బ మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన కాళ్లు మాత్రం కనిపించాయి. కాలి బొటనవేలితో బండను రాస్తున్నాడు.

“ఇంకా ఎంతమంది పోయారమ్మా?” పెద్దావిడ అడిగింది.

అవ్వ బొరుగుల పిల్లలను ఒక్కొక్కరినే లేపుతూ పోయింది. వాళ్ల కింది పట్టలు ఎత్తి, దులిపి, మళ్లీ అక్కడే పరిచింది. ఒక్కో పట్ట దగ్గర ఆగి ఆ బిడ్డ ఎవరో చెప్పింది. “ఈ బిడ్డ కట్టెల అంగడాయన కూతురు. ఒత్తులు ఇంగా రావు, కానీ పాట శానా బాగా పాడతాది.” “ఈ పిల్లోడు రెండో పుస్తకంలో సగం దాంక వచ్చినాడు. జబ్బుపడి మల్లీ మొదటికి పోయినాడు.” “ఈ ఇద్దరూ అక్కాచెల్లెండ్లు. ఒకే పట్ట చాలంటారు, ఒకటి మీద కూచ్చోని ఒకటి కప్పుకుంటారు.” పదమూడు పట్టలు. ప్రతి బిడ్డ ఎవరితో పోయింది, ఏ ఊరి పొలంలో ఉంది, ఏ పాఠం దగ్గర ఆగింది. చీపురు పట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుని ఆమె అన్నీ విన్నదని మాకెవరికీ తెలియదు. టీచరక్కకు కూడా అంత తెలియదేమో, తల వంచుకుని ఉంది.

అబ్బ ఒక్కసారి “ఏమే, చాలు ఇంగ” అన్నాడు మెల్లగా.

“ఉండు పెద్దాయనా. పట్టలు పరిచేదాన్ని గదా, నాకు తెలిసింది చెప్పుకోనీ.”

పెద్దావిడ కుర్చీలోంచి లేచింది. లేచి, నీలం అంచు పట్ట దగ్గరికి వచ్చి, దాని మీద కూర్చోబోయింది. అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. “అది ఆ బిడ్డదమ్మా. మీకు కుర్చీ ఏసినారు గదా” అంది. మా వాళ్లందరికీ తల కొట్టేసినట్టయింది, పట్నం సంఘం నుంచి వచ్చిన పెద్ద మనిషిని అట్లా అంటారా? పెద్దావిడ నవ్వింది. పట్టను ముట్టుకోకుండా, దాని పక్కన వట్టి బండ మీదే చీర సర్దుకుని కూర్చుంది. “వీళ్లకు అక్కడ చదువు ఎవరు చెబుతారు?” అని అడిగింది. అట్లాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని అప్పటిదాకా మా సంఘంలో ఎవరికీ తోచలేదు.

అన్నీ ఆ పూటే చక్కబడి ఉంటే ఈ రాత్రి నాకు ఇంత భయం ఉండేది కాదు. అట్లా జరగలేదు. బడి ఎత్తేయబోమని వాళ్లు చెప్పారు గానీ, హాస్టల్ సీటుకు పరీక్ష ఆ నెలలోనే రాయాలి, పిల్ల లేదు కాబట్టి ఈసారి కుదరదన్నారు. ఆ సీటు వేరే ఊరి పిల్లకు పోయింది. జీపు పోయాక అబ్బ నాతో గానీ అవ్వతో గానీ మాట్లాడలేదు. మూడు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడే. నాలుగో రోజు ఆయనే చర్చి మూలకు పోయి పట్టలు ఎండలో వేస్తుంటే చూశాను. నేను మాత్రం ఉగాది దాకా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పదిహేడు వస్తుంది. నేను చెప్పాలి. నేను పందొమ్మిదో ఎక్కం నేర్చుకుని ఉంటే సీటు వచ్చేదా? అవ్వ మధ్యలో రాకపోతే ఇంకో ప్రశ్నకైనా సరిగా చెప్పేదాన్నా? ఈ ప్రశ్నలు ఇప్పటికీ నన్ను పూర్తిగా వదల్లేదు.

ఉగాది ముందు రోజు లారీలు వచ్చాయి. పదిహేడు చేతులు మిరపఘాటుకు ఎర్రగా పొక్కి ఉన్నాయి. కళ్లు రుద్దుకోవడానికి భయపడి మోచేత్తో తుడుచుకుంటోంది. పలకపుల్ల తిరిగి ఇచ్చి, ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. నా నంబరు, దాని నంబరు, పెద్దావిడ, పందొమ్మిది ఏడులు, అంతా. అది వినగానే కోపం చేస్తుందనుకున్నాను.

“నూట ముప్పై మూడు కదే” అంది మొదట. తర్వాత పెద్దగా నవ్వింది. “నా పేరు పెట్టుకోని నూట ముప్పై ఆరు చెప్తివా. సీటు పోతే పోయిందిలే, నన్ను మొద్దును చేస్తివి గదనే ఊరంతా.”

ఇద్దరం చర్చిలోకి పోయాం. మూలన తన పట్ట తీసి పరిచింది. మొహం దగ్గరగా పెట్టి చూసింది. మూడు నెలలు పడి ఉన్న పట్ట మీద దుమ్ము లేదు. “దీన్ని ఎవరు దులిపినారు?” అంది. అవ్వ, వారం వారం, అన్నాను. అది పట్ట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, పొక్కిన చేతులు ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు నవ్వకుండా అడిగింది.

“అది సరే గానీ, నా జాగాలో నిన్ను కూచ్చోబెట్టినారే, మళ్ల నేనొస్తే యాడ కూచ్చోవల్ల?”

నాకు తొమ్మిదేళ్లు. కానీ ఆ ప్రశ్న ఎక్కడో దిగబడిపోయింది.

మరుసటి ఏడు సంక్రాంతి తర్వాత లారీల వెంట టీచరక్క కూడా పోయింది. కర్నూలు సంఘం ఆమె ప్రయాణానికి, పరదా గుడారానికి చూసుకుంది. ఆమెకు అక్కడ అన్నం మా ఊరి పిడికెడు గింజల కుండలోంచి పోయింది. ఆ ఏర్పాటు అబ్బే చేశాడు, ఆదివారం లేచి నిలబడి, కుండను బోర్లించి మరీ కొలిచాడు. మిరప చేల గట్టు మీద, కోత అయిపోయిన సాయంత్రాల్లో, బడి నడిచింది. అవ్వ పట్టలన్నీ మూట గట్టి లారీ ఎక్కించింది. పదిహేడు తన ప్రవేశ పరీక్ష ఆ గట్టు మీదే రాసింది. హాస్టల్లో చేరింది. ఇంటర్ దాకా చదివింది. ఇప్పుడు డోన్ దగ్గర అంగన్‌వాడీ టీచరు.

ఇక నా సంగతి. పెళ్లయ్యాక కర్నూలు వచ్చాను. ఏ సంఘమైతే అప్పుడు జీపులో వచ్చిందో, దాదాపు అట్లాంటి సంఘంలోనే ఇప్పుడు సభ్యురాలిని. ఊరి చివర బండలు కోసే కార్మికుల కాలనీలో మా సంఘం ఒక సాయంత్రపు చదువుల కేంద్రం నడుపుతోంది. వారానికి మూడు రోజులు నేను వెళ్లి చదువు చెబుతాను. మాకు తోడుగా నిలిచిన ఇంకో ఊరి సంఘం ఎల్లుండి చూడటానికి వస్తోంది. కాలనీలో సగం మంది మిరప కోతలకు పోయారు. ఇన్నేళ్లు గడిచినా సుగ్గి ఆగలేదు. కమిటీలో ఉండే అన్న మంచివాడు, కేంద్రం కోసం తిండీ నిద్రా మానుకుని తిరుగుతాడు. ఆయనే అడిగాడు. “చెల్లెమ్మా, ఒక్క పూటే కదా, మన సంఘం పిల్లల్ని తెచ్చి వాళ్ల చోట్ల కూర్చోబెడదాం. మీ పాపను కూడా తీసుకురండి. లేకపోతే మూసేస్తారు, ఆ పిల్లలకే నష్టం.” నేను సరే అన్నానని చెప్పడానికి సిగ్గుగా ఉంది. అన్నాను. మా ఆయన కూడా ఒక్క పూటే కదా అన్నాడు. పాప వచ్చేదీ రానిదీ రేపు మధ్యాహ్నంలోగా ఖాయం చేసి చెప్పమని అన్న గడువు పెట్టాడు.

ఆ సాయంత్రం, అంటే మూడు రోజుల కింద, యూనిఫాం విప్పుతుంటే, మా మాటలు విన్న పాప అడిగింది. “అమ్మా, ఆ రోజు నా పేరేమిటి?”

ఆరేళ్ల పిల్ల. భయం లేదు దాని మొహంలో. ఆటలో వేషం ఏమిటని అడిగినట్టు అడిగింది. నా భయమంతా అదే. నేను తొమ్మిది రోజులు గోడ వైపు చూడకుండా మెడ నొప్పి పుట్టించుకున్నాను. దీనికి ఆ నొప్పి కూడా లేకుండా అలవాటైపోతుందేమో. కేంద్రంలో పాపకు ఇవ్వబోయే చాప మీద రోజూ కూర్చునే పిల్ల నాకు తెలుసు. దానికి ‘ఋ’ రాయడం రాదు, ఎప్పుడూ తోక అటు తిప్పుతుంది. ఇప్పుడు ఏ చేలో ఉందో మాత్రం నాకు తెలియదు. నేను కనుక్కోలేదు.

ఇవాళ పదిహేడుకు ఫోన్ చేశాను. విషయం చెప్పాను. కేంద్రం మూసేస్తే దానికి నేనే కారణం అంటారు, నిజంగా మూసేస్తే ఆ పిల్లల గతి ఏంది, అన్నాను. “భయపడేది నీకు కొత్తా మ్మే?” అని నవ్వింది. ధైర్యం చెప్పలేదు. మూయరులే అని కూడా అనలేదు, ఎందుకంటే తన సీటు ఆ ఏడు నిజంగానే పోయింది, తనకు తెలుసు. “అవ్వ ఉండింటే ఏం చేసేదో అది చెయ్. నాకు పొద్దున డ్యూటీ ఉండాది” అని పెట్టేసింది.

అవ్వ ఏం చేసేదో నాకు తెలుసు. అందరూ ఆమెను ధైర్యవంతురాలు అనేవాళ్లు, పోయినప్పుడు కూడా చర్చిలో అదే చెప్పారు. కానీ ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకుని నడిచింది నేను. ఆ చెయ్యి నా చెయ్యి కంటే ఎక్కువగా వణికింది. చిన్నదాన్ని, ముసలితనం అనుకున్నాను. ఆమెకు అప్పటికి యాభై కూడా నిండలేదని, మొగుడికి, సంఘానికి, పట్నం పెద్దలకు ఎదురుగా పదమూడు పట్టలు దులిపి పరుస్తున్నంతసేపూ ఆమె వణుకుతూనే ఉందని నేను తల్లినయ్యాక గాని అర్థం చేసుకోలేదు.

రేపు అన్నకు ఫోన్ చేస్తాను. కాలనీకి పోయి, ఏ పిల్ల ఎవరితో ఏ ఊరికి పోయిందో ఇల్లిల్లూ అడిగి రాసుకుంటాను. ఎల్లుండి పాపను తీసుకువెళతాను, తన పేరుతో, తన చాప మీద కూర్చోవడానికి. దాని పక్కన ఆ పిల్ల చాప పరుస్తాను, దులిపి. ఎవరైనా దాని మీద కూర్చోబోతే అది ఆ బిడ్డదని చెప్పాలి. నా గొంతు వణుకుతుంది, చేతులు చెమట పడతాయి. పాప నా చెయ్యి పట్టుకుని ఉంటుంది కాబట్టి దానికి తెలిసిపోతుంది. తెలియనీ.